వార్తలు చదవడం నేర్పిన మనిషి

యాంగోన్‌లోని మింగళాడోన్ విమానాశ్రయంలో నాకు ఉద్యోగం దొరికినప్పుడు మా నాన్నమ్మ వీధంతా తిరిగి, మా గుంట విమానాలు పంపిస్తందని చెప్పుకొచ్చింది. నిజానికి నేను పంపించేది ఏమీ లేదు. కిటికీ లేని చిన్న గదిలో మైకు ముందు కూర్చుని, ఏ విమానం ఏ గేటు నుంచి బయలుదేరుతుందో ముందు బర్మీస్‌లో, తరువాత ఇంగ్లీషులో చెప్పడమే నా పని. పొద్దున్నే మేముండే అహ్లోన్‌లో బస్సెక్కితే ఆ గదికి చేరేసరికి సగం ఓపిక అయిపోయేది. అయినా ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. నా మాట విని వందమంది లేచి నిలబడి సంచులు భుజాన వేసుకుంటారని తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది.

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా తాతా అదే పని చేశాడు. నాన్న కొంత చదువుకుని అదే రేవులో, దిగిన సరుకు సరిచూసే గుమాస్తా అయ్యాడు. మా ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీస్, బడిలో కొంచెం ఇంగ్లీషు. ఆ కొంచెం ఇంగ్లీషునీ నేను వదిలిపెట్టలేదు. అమ్మ వంట చేసుకుంటుంటే పక్కన కూర్చుని రేడియోలో విన్న మాటల్ని విన్నట్టే అప్పజెప్పేదాన్ని. తెలుగు అక్షరాలు మాత్రం పెద్దయ్యాక కోవెల హాల్లో ఆదివారం తరగతులకి వెళ్లి నేర్చుకున్నాను. అలా వచ్చిన రాతతోనే ఇది రాస్తున్నాను కనుక తప్పులుంటే మన్నించాలి.

సైనిక పాలన సడలి దేశం తలుపులు తెరుచుకున్న ఏళ్లవి. రోడ్ల మీద కొత్త కార్లు, చేతుల్లో కొత్త ఫోన్లు. ఒక ప్రైవేటు టీవీ ఛానెల్ ఇంగ్లీషు వార్తలు మొదలుపెడుతోందనీ, చదివేవాళ్లు కావాలనీ తెలిసి దరఖాస్తు పెట్టాను. నగరం నడిబొడ్డున, చౌక్తడాలో పాత బ్రిటిష్ కాలపు భవనం పై అంతస్తులో పరీక్ష పెట్టారు. మెట్ల మీద నాలాంటి వాళ్లు వరుసగా నిలబడి కాగితాలు పట్టుకుని గొణుక్కుంటున్నారు. నా వంతు రాగానే లోపలికి వెళ్లి ఇచ్చిన కాగితం చదివాను. అద్దం అవతల కూర్చున్నవాళ్లు తల ఎత్తి నా వైపు చూశారు. బాగా చదివానని నాకే అర్థమైంది.

ఆ వార్తల విభాగానికి పెద్ద, యాభై దాటిన బర్మీస్ ఆయన, నన్ను పక్క గదికి పిలిచాడు. చాలా మర్యాదస్తుడు. టీ తెప్పించి నా ముందు పెట్టి, "నీ గొంతు మాకు కావాలి" అన్నాడు. "బొమ్మలు నడుస్తుంటే వెనక నుంచి వార్త చదివే పని ఇస్తాం."

"కెమెరా ముందు చదవడానికి కదండీ నేను వచ్చింది?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "మన ప్రేక్షకులకి నీ ముఖం అలవాటు లేదమ్మా. ఇది ఇండియా ఛానెల్ అనుకుంటారు."

మా అమ్మా నాన్నా పుట్టింది యాంగోన్‌లోనే, నేను పుట్టిందీ ఇక్కడే. ఆ మాట ఆయనకి చెప్పాలనిపించింది. కానీ ఆయనకి తెలియక కాదు. టీ తాగి, ఎప్పుడు చేరాలని అడిగాను. గుమ్మం దాకా వచ్చాక గుమ్మంలోనే ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. లోపల అడుగంటూ పెడితే తక్కిన సంగతి తరువాత చూసుకోవచ్చనుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే నాన్న ముఖంలో నాకు ఊరటే కనిపించింది.

"ఎనకాల నుండి సదవడమే మంచిదమ్మా" అన్నాడు. "మిలట్రీవోళ్లు ఇండియావోళ్లని ఎల్పొమ్మన్నప్పుడు మీ తాత తోటోళ్లు ఎంతమంది ఓడెక్కి ఎల్పోనారో నీకు తెల్దు. ఉన్నదంతా ఒగ్గీసి ఎల్పోనారు. మనమెందుకు ఉండిపోనాం? ఎవులి కంటా పడనేదు గనక. పనికెల్లినాం, ఇంటికొచ్చినాం. అలగే బతికినాం."

నాన్నది పిరికితనమని నేనెప్పుడూ అనుకోలేదు. ఆయన చిన్నప్పుడు చూసినవి ఆయన చూశాడు. అందుకే ఎదురు చెప్పలేదు. కానీ తల కూడా ఊపలేదు.

ఛానెల్‌లో చేరిన కొన్ని నెలలకి మాకు శిక్షణ ఇవ్వడానికి ఇంగ్లండు నుంచి ఒకామె వచ్చింది. అక్కడి టీవీలో చాలా ఏళ్లు రోజూ వార్తలు చదివిన మనిషి. జుట్టు పూర్తిగా నెరిసింది. రంగు వేసుకోదు. నూలు చొక్కా, కాళ్లకి చెప్పులు. బర్మీస్‌లో మాష్టారినీ పై అధికారినీ సయా అనీ, టీచరమ్మని సయామా అనీ అంటాం. మొదటి రోజే ఆ మాట నేర్చుకుని, తనని అలాగే పిలవమంది. ఆ తరువాత మేమెవరం ఆమెని పేరు పెట్టి పిలవలేదు.

తెర మీద కనిపించడానికి ఎంపికైన ముగ్గురు అమ్మాయిలకీ, ఇద్దరు అబ్బాయిలకీ ఆ శిక్షణ. నన్ను పిలవలేదు. నేను గది వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. రెండో రోజు ఆమె నన్ను చూసి, అక్కడేం చేస్తున్నావని అడిగింది. నేను గొంతు మాత్రమేనని చెప్పాను. "గొంతు మాత్రమే ఉన్నవాళ్లు ఎవరూ ఉండరు. కుర్చీ తెచ్చుకో" అంది.

సయామా మొదట నా చేత చదివించి, విని, "విమానం ఎన్ని గంటలకి?" అని అడిగింది. గదిలో అందరూ నవ్వారు. నాకు ముందు అర్థం కాలేదు. ప్రతి వాక్యం చివరా నేను రాగం తీస్తున్నానట, గేటు దగ్గరికి రమ్మన్నట్టు. వరదలో ఇళ్లు కొట్టుకుపోయాయని చదివినా అదే రాగమట. అది పోగొట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

"వార్తలు వెయ్యిమందికి చదవకు. ఒక్క మనిషికి చదువు. మీ ఇంట్లో ఎవరున్నారు?"

"మా నాన్నమ్మ ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు."

"ఇంకా మంచిది. ఆమెకి చదివి రా."

మా నాన్నమ్మ వక్కలు కత్తిరించుకుంటూ కూర్చుని ఉండగా ఎదురుగా పీట వేసుకుని వార్తలు చదివాను. డెల్టాలో పడవ మునిగిన వార్త. ఆమె అడకత్తెర ఆపింది.

"ఏటి సెప్తన్నావో నాకు తెల్దు గానీ, ఎవులో సచ్చిపోనారు" అంది.

తరువాత ఒక కొత్త హోటల్ తెరిచిన వార్త చదివాను. ఆమె మళ్లీ వక్కలు కత్తిరించడం మొదలుపెట్టి, "ఇది పనికిమాలింది. ఇంకోటి సదువు" అంది.

మరునాడు ఈ సంగతి సయామాకి చెబితే చాలాసేపు నవ్వింది. తాను ఉద్యోగం చేసిన ఆఫీసులో అలాంటి ఎడిటర్ ఒక్కరూ దొరకలేదంది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం నాన్నమ్మకి చదివేదాన్ని. ఆమె ముఖంలో మార్పు రాకపోతే ఆ వార్త నేను సరిగ్గా చదవలేదని లెక్క.

శిక్షణ ముగిశాక అందరూ వెళ్లిపోయేవారు. సయామా నన్ను ఆపి, ఖాళీ స్టూడియోలో కెమెరా ముందు కూర్చోబెట్టి చదివించేది. ఆ రోజుల్లోనే ఆమె కథ నాకు తెలిసింది. ఒకేసారి చెప్పలేదు. టీ తాగుతూ కొంత, సూలే పగోడా దాకా నడుస్తూ కొంత చెప్పేది.

ఆమె పుట్టింది ఇంగ్లండు ఉత్తరాన చేపల రేవు ఉన్న చిన్న ఊళ్లో. వాళ్ల నాన్న పడవల నుంచి చేపల పెట్టెలు దింపేవాడట. ఆ మాట విన్నాక నాకు ఆమె మీద ఇంకొంచెం చనువు కలిగింది. టైపిస్టుగా ఒక టీవీ స్టేషన్‌లో చేరింది. వార్తలు చదువుతానంటే, నీ యాస మా వంటింటి మనిషి యాసలా ఉందని అక్కడి పెద్దలు నవ్వారు. యాస కొంత సర్దుకుని మళ్లీ అడిగితే, ఆడగొంతుతో యుద్ధం వార్తలు చెబితే జనం నమ్మరన్నారు. కుక్కల ప్రదర్శనలూ వాతావరణమూ చదవమన్నారు. అవే చదివింది.

"మరి అసలు వార్తలు ఎలా ఇచ్చారు?" అని అడిగాను. ఎవరో మంచి మనిషి వచ్చి అవకాశం ఇచ్చాడని చెబుతుందనుకున్నాను.

"ఇవ్వలేదు. నేనే అడిగాను. వారం వారం మా ఎడిటర్ గది తలుపు తట్టి ఒకటే అడిగేదాన్ని. ఈ వారం నా చదువులో తప్పేమిటి? ఆయన ఏదో ఒకటి చెప్పేవాడు. నేను వెళ్లి అది సరిచేసుకుని వచ్చేదాన్ని. చివరికి ఒక వారం ఆయనకి చెప్పడానికేమీ దొరకలేదు."

ఆ తరువాత ఆమె ఏళ్ల తరబడి సాయంత్రం వార్తలు చదివింది. యుద్ధాలు చదివింది, ఎన్నికలు చదివింది, గనుల్లో కూలీలు చనిపోతే చదివింది. జుట్టు నెరవడం మొదలైనప్పుడు కొత్తగా వచ్చిన అధికారి, తెరకి మార్పు అవసరమన్నాడట. పూలగుత్తి ఇచ్చి పంపించేశారు. ఆమె పక్కన కూర్చుని చదివే మగాయన ఆమెకంటే పెద్దవాడు. ఆయన కుర్చీలో ఆయన ఉండిపోయాడు.

"ఏడ్చారా?"

"లేదు. కోపం వచ్చింది. కోపం ఉంటే పని బాగా జరుగుతుంది. ఇంట్లో కూర్చోలేక, నేర్చుకునేవాళ్లు ఎక్కడున్నారా అని బయలుదేరాను. ఇప్పుడు నీ ముందు కూర్చున్నాను. మళ్లీ చదువు."

సయామా ఉన్నది ఒక వర్షాకాలం మాత్రమే. వెళ్లే ముందు ఆమె వార్తల పెద్దతో నా గురించి మాట్లాడిందని తెలుసు. ఆయన అలాగే అలాగే అన్నాడనీ తెలుసు. ఆమె విమానం ఎక్కిన తరువాత కూడా నేను వెనక నుంచే చదువుతున్నాను.

ఆ శుక్రవారం పని ముగిశాక ఆయన గది తలుపు తట్టాను.

"సయా, ఈ వారం నా చదువులో తప్పేమిటి?"

ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు. కాసేపు ఆలోచించి, "అంకెలు తొందరగా చదువుతున్నావు" అన్నాడు. నిజమే. సరిచేసుకున్నాను. మరుసటి శుక్రవారం, విదేశీ ఊళ్ల పేర్లు వచ్చినప్పుడు తడబడుతున్నావన్నాడు. పొద్దున్నే వచ్చి ఆ రోజు వార్తల్లో ఉన్న ఊళ్ల పేర్లన్నీ ఎలా పలకాలో వెతికి పెట్టుకున్నాను. ఇంకో వారం, ఇంగ్లీషు మాటల చివర ఉకారం పెడుతున్నావన్నాడు. అది తెలుగు నుంచి వచ్చిన అలవాటు. బ్యాంక్‌ని బ్యాంకు అనకుండా ఉండటానికి, బస్సులో కూర్చుని దుకాణాల బోర్డులన్నీ గొణుక్కుంటూ చదువుకునేదాన్ని. పక్కనున్నవాళ్లు జపం చేస్తున్నాననుకునేవారు.

కొన్ని వారాలు ఆయన విసుక్కున్నాడు. ఒకసారి తలుపు వేసి ఉంచాడు. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఎప్పుడో ఇంటికి వెళ్లాలి కదా. తలుపు తీసి నన్ను చూసి, నవ్వు ఆపుకోలేక, ఏదో ఒక తప్పు చెప్పి పంపించాడు.

ఎండాకాలం వచ్చింది. ఒక శుక్రవారం వెళ్లి అడిగాను. ఫ్యాను తిరుగుతోంది. ఆయన బల్ల మీద కాగితాలు సర్దాడు, మళ్లీ సర్దాడు.

"నీ చదువులో తప్పేమీ లేదు" అన్నాడు చివరికి.

"అయితే ఆదివారం పొద్దుటి వార్తలు నాకివ్వండి. కెమెరా ముందు."

"ఫోన్లొస్తాయి."

"వస్తే నాకివ్వండి సయా. నేను మాట్లాడతాను."

ఆయన నా ముఖంలోకి చూశాడు. అసలు కారణం ఆయన ఒకసారి చెప్పాడు. మళ్లీ నోరు తెరిచి చెప్పాలంటే ఆయనకీ కష్టంగానే ఉందనుకుంటాను. "ఒక్క ఆదివారం చూద్దాం" అన్నాడు.

ఇంట్లో చెప్పినప్పుడు నాన్న తింటున్నాడు. చెయ్యి ఆగింది.

"ఏ పేరేస్తారు?" అని అడిగాడు.

నాకు ఇంట్లో పిలిచే తెలుగు పేరొకటి ఉంది, గుర్తింపు కార్డులో బర్మీస్ పేరొకటి ఉంది. ఇక్కడ మావాళ్లందరికీ అంతే. కార్డులో పేరే వేస్తారని చెప్పాను.

"అదే ఉంచు. అంతకంటే నానేటీ అనను" అని మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

అమ్మ మాత్రం, "ఏ చీర కడతావే?" అని అడిగింది. చీర కాదు, లుంగీ, పైన తెల్ల జాకెట్టు అని చెప్పాను. ఇక్కడి ఆడవాళ్ల కట్టు అదే, మా ఛానెల్‌లో ఆడవాళ్లందరికీ అదే. అమ్మ ఆ లుంగీని రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

ఆ ఆదివారం పొద్దున మేకప్ అమ్మాయి దగ్గర నా రంగుకి సరిపడే పౌడర్ లేదు. ఉన్నది రాసింది. అద్దంలో చూస్తే బూడిదలో పడి లేచినట్టు ఉన్నాను. ఆ అమ్మాయి తప్పేమీ కాదు, ఆమెకి ఎవరూ అలాంటి డబ్బా తెచ్చివ్వలేదు. ముఖం కడిగేసుకుని, మనవాళ్ల దుకాణాల వీధిలో కొని సంచిలో పెట్టుకున్న పౌడర్ తీసి నేనే రాసుకున్నాను. ఆ అమ్మాయి పక్కన నిలబడి ఎలా రాస్తున్నానో చూసి, తరువాతి వారానికి తానే అలాంటిది తెప్పించింది.

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. నాన్నమ్మని తలుచుకున్నాను. మొదటి వార్త ఉత్తరాన కొండచరియలు విరిగిపడటం. అది సగంలో ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ అందుకునే లోపల, ఎదురుగా అక్షరాలు నడిచే తెర నల్లబడింది. కెమెరాలూ నా ముఖం మీది దీపమూ బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నాయి. సయామా మాకు నేర్పిన అలవాటు ఒకటుంది. తెర చూసి చదువుతున్నా చేతిలో కాగితాల మీద వేలు కూడా కదులుతుండాలి. నా వేలు సరైన వాక్యం మీదే ఉంది. తల దించి చదివి, తల ఎత్తి ఆ వాక్యం ముగించాను. తక్కిన దీపాలు వచ్చాయి. చూసేవాళ్లకి వెలుతురు కాస్త తగ్గడం తప్ప ఏమీ తెలియలేదు. నా వీపు మాత్రం చెమటతో తడిసిపోయింది.

అనుకున్నట్టే ఫోన్లొచ్చాయి. వార్తల పెద్ద మాట నిలబెట్టుకుని ఒకటి నా చేతికిచ్చాడు. ఎవరో మగాయన, "వార్తలు చదవడానికి ఆ కలామా తప్ప మీకు ఎవరూ దొరకలేదా?" అని అడిగాడు. భారతీయుల పోలికలున్న ఆడదాన్ని ఇక్కడ అలా అంటారు. ఆ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే.

"నేనేనండీ ఆ చదివింది" అన్నాను బర్మీస్‌లో. "మీకు ఏ వార్త అర్థం కాలేదో చెప్పండి, మళ్లీ చెబుతాను."

ఆయన గొంతు తగ్గించి, కొండచరియలు పడిన రోడ్డు తెరిచారా లేదా అని అడిగాడు. వాళ్ల తమ్ముడు అటువైపు లారీ తోలుతున్నాడట. తెరవలేదని చెప్పి, మధ్యాహ్నం ఏమైనా తెలిస్తే ఫోన్ చేస్తానని నంబరు అడిగి తీసుకున్నాను. చేశాను కూడా. ఆయన థాంక్స్ చెప్పాడు.

ఆ ఉదయం నాన్న ఇంట్లో టీవీ ముందు కూర్చోలేదు. రేవు దగ్గర టీ షాపుకి వెళ్లాడు. అక్కడ ఏం జరిగిందో టీ షాపు యజమాని భార్య తరువాత అమ్మకి చెప్పింది. నాన్న మూల బల్ల దగ్గర కూర్చుని, టీవీ ఛానెల్ మార్చమని అడిగాడట. రోజూ ఫుట్‌బాల్ చూసేవాళ్లు గొణిగారట. నేను కనిపించగానే ఎవరో, "ఎవరీ అమ్మాయి, మన అహ్లోన్ మనుషుల పోలికలున్నాయి" అన్నారట. నాన్న లేచి నిలబడి, "నా కూతురు" అన్నాడట. గట్టిగా, షాపంతా వినబడేలా చెప్పి కూర్చున్నాడట. ఇది నాన్న నాతో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ తరువాత ప్రతి ఆదివారం ఆయన అదే షాపులో టీ తాగాడు.

ఒక్క ఆదివారం కాస్తా అన్ని ఆదివారాలయ్యాయి, తరువాత వారం మధ్యలో కూడా ఇచ్చారు. కొన్నేళ్లు గడిచేసరికి చౌక్తడాలో నడుస్తుంటే పళ్లమ్మేవాళ్లు పలకరించేవారు. మా తరువాత వచ్చినవాళ్లలో ఒక ముస్లిం అమ్మాయి, ఉత్తరాది కొండల కచిన్ జాతి అబ్బాయి ఒకడు తెర మీదికి వచ్చారు. వాళ్లు వచ్చిన మొదటి వారాల్లో నేనే పక్కన కూర్చుని చదివించాను.

నాన్నమ్మ పోయిన రోజున కూడా సాయంత్రం వెళ్లి వార్తలు చదివాను. బంధువులు తప్పు పట్టారు. "ఆమె ఉంటే ఎల్లమనే అంటాది" అని అమ్మ వాళ్లకి సమాధానం చెప్పింది.

తరువాత దేశం మళ్లీ మారింది, సైన్యం చేతికి వెళ్లింది. దాని గురించి నేను ఎక్కువ రాయను. ఇంగ్లీషు వార్తలు రేపటి నుంచి ఉండవని ఒకరోజు పొద్దున చెప్పారు. ముందురోజు చదివినవే చివరి వార్తలని చదివేటప్పుడు నాకు తెలియదు. తోటివాళ్లు చాలామంది దేశం దాటి వెళ్లిపోయారు. నన్నూ రమ్మన్నారు. అప్పటికి నాన్నకి మోకాళ్లు పనిచేయడం లేదు. అదొక్కటే కారణం కాదు. మా తాత ఉండిపోయాడు, నాన్న ఉండిపోయాడు. నేనూ ఉండాలనుకుని ఉన్నాను. మా ఇంటి ముందు గదిలో, ఇంగ్లీషులో నలుగురి ముందు మాట్లాడటం నేర్పే తరగతులు మొదలుపెట్టాను. హోటళ్లలో, ఆఫీసుల్లో పనికి వెళ్లే పిల్లలు వస్తారు. గొంతు ఎక్కడ ఆపాలో, ఊపిరి ఎక్కడ తీయాలో చెబుతాను.

సయామా ఇన్నేళ్లూ నాకు సందేశాలు పంపుతూనే ఉండేది. కిందటి ఏడాది అవి ఆగిపోయాయి. కొన్ని వారాల తరువాత ఆమె మేనకోడలు ఫోన్ చేసింది. సయామాకి పక్షవాతం వచ్చిందట. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి గానీ మాట తేరుకోలేదట. ఏం చెప్పాలో తెలుస్తుంది, చదివితే అర్థమవుతుంది, నోటికి మాత్రం మాట అందదు. అందినది ముద్దగా వస్తుంది. ఆసుపత్రి వాళ్లు రోజూ మాట్లాడించమన్నారట. ఆమె ఎవరినీ ఇంటికి రానివ్వడం లేదు, ఫోన్ తీయడం లేదు.

"ఇంతకాలం ఈ గొంతుతో బతికింది కదా, ఇలా ఎవరూ వినకూడదనుకుంటోంది. మీరేమైనా చెప్పగలరా?" అని అడిగింది మేనకోడలు.

చెప్పడానికి నా దగ్గర ఓదార్పు మాటలేమీ లేవు. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టమన్నాను.

"సయామా, నేను యాంగోన్ నుంచి. రేపు ఇదే సమయానికి చేస్తాను. ఈరోజు పేపరు దగ్గర పెట్టుకోండి, అదే నేను ఇక్కడ నెట్‌లో చూసి రాసుకుంటాను. నేనొక వాక్యం చదువుతాను, తరువాత మీరు చదవాలి."

అవతల నుంచి ఒక శబ్దం వచ్చింది. వద్దని అర్థం. మరునాడు చేశాను.

మొదటి రోజుల్లో ఆమె అటు నుంచి ఏమీ అనేది కాదు. నేను చదువుతాను, ఆగుతాను, ఆమె ఊపిరి వింటాను, తరువాతి వాక్యానికి వెళతాను. అక్కడ ఉదయం, ఇక్కడ మధ్యాహ్నం. మా వీధికి కరెంటు వంతుల ప్రకారం వస్తుంది. వంతు లేని రోజున పక్కింటి వాళ్ల బ్యాటరీ మీద ఫోన్ ఛార్జి చేసుకుని మేడ మీదికి వెళ్లేదాన్ని, అక్కడైతే సిగ్నల్ అందుతుందని. నాన్న కింద నుంచి అడిగేవాడు.

"మాటాడిందా?"

"ఇంకా లేదు నాన్నా."

"రేపు మాటాడతాదిలే. నువ్వు మానీకు."

మానలేదు. ఒక మధ్యాహ్నం వర్షం గురించిన చిన్న వార్త చదివి ఆగితే, అవతల నుంచి రెండు మాటలు వచ్చాయి. ముద్దగా, తడబడుతూ వచ్చాయి, కానీ అవే మాటలు. నేను మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే ఆమెకి నచ్చదని తెలుసు. "వాక్యం చివరిదాకా వెళ్లండి" అన్నాను. ఆమె నా మీద కోప్పడింది. కోప్పడటానికి కూడా మాట కావాలి. అది స్పష్టంగానే వచ్చింది.

అక్కడి నుంచి నెమ్మదిగా సాగింది. కొన్ని రోజులు వచ్చిన మాటే మళ్లీ పోయేది. ఆమె ఫోన్ పక్కన పెట్టి వెళ్లిపోయిన రోజులున్నాయి. మరునాడు నేను మళ్లీ చేసేదాన్ని, ఆమె మళ్లీ తీసేది. బాధగా ఉన్నప్పుడు ఊళ్ల పేర్లు చదివేవాళ్లం, అవి ఆమెకి నోటి అలవాటు మీద తేలిగ్గా వచ్చేవి. ప్రపంచంలో సగం ఊళ్లు అలా తిరిగాం.

మొన్న మేనకోడలు వీడియో ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో వృద్ధులు పగటిపూట కలుసుకునే హాలు ఒకటుంది. సయామా అక్కడ బల్ల వెనక కూర్చుని ఉంది. ఎదురుగా పది పదిహేనుమంది పెద్దవాళ్లు, కొందరి చేతుల్లో టీ కప్పులు. అందులో కొందరికి కళ్లు సరిగ్గా ఆనవట, పేపరు చదువుకోలేరట. వాళ్ల కోసం స్థానిక వార్తలు చదువుతానని సయామాయే అడిగిందట. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలో లేదు, పేపరు ఎడమచేత్తో పట్టుకుంది. చాలా నెమ్మదిగా చదివింది. రోడ్డు మరమ్మతు వార్తలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. గదిలో ఎవరూ కదల్లేదు. ఆమె ఊపిరి తీసుకుని ఆ మాటని మళ్లీ అందుకుంది. ఈసారి వచ్చింది. ముందుకు వెళ్లింది.

ముగించి పేపరు మడుస్తుంటే, వెనక వరుసలో కూర్చున్న ఒక ముసలాయన వాతావరణం చదవలేదేమని అడిగాడు. ఆమె నవ్వి పేపరు మళ్లీ విప్పింది.